కదిలే చుక్క కోసం: సిరొంచ నుంచి గ్రహశకలాల వేట

గ్రహశకలాలను, అంటే సూర్యుడి చుట్టూ తిరిగే చిన్నాచితకా రాళ్లను, వెతకాలంటే టెలిస్కోపు ఉండాలని నేనూ అనుకునేవాణ్ణి. అక్కర్లేదు. విండోస్ నడిచే పాత ల్యాప్‌టాప్, మధ్యలో తెగిపోని ఇంటర్నెట్, రెండు కళ్లు, కాస్త ఓపిక ఉంటే చాలు. వీటిలో మా సిరొంచలో సులువుగా దొరకనిది రెండోదొక్కటే.

మా ఊరు గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత ఒడ్డున ఉంది. నది దాటితే తెలంగాణ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బ్యాంకులో హిందీ మాట్లాడుకుంటూ రోజు గడిపేస్తాం. నాది ఆన్‌లైన్ సెంటర్. సాత్‌బారా అనే భూమి రికార్డు నకళ్లు, కుల దాఖలాలు, పంట బీమా దరఖాస్తులు, పరీక్షల ఫారాలు, ఇదీ నా పని. పగలంతా సర్వరు ఎప్పుడు కదులుతుందా అని ఎదురుచూసే మనిషికి రాత్రి కదిలే చుక్క కోసం ఎదురుచూడటం పెద్ద కష్టమేమీ అనిపించలేదు.

నన్ను ఇందులోకి దింపింది నా మేనకోడలు. నాగపూర్‌లో బి.ఎస్సీ. ఫిజిక్స్ చదువుతోంది. ఆ అమ్మాయికి ఈ పిచ్చి పట్టించింది మాత్రం 2022 ఉగాది. ఆ ఏడాది పండుగ ఏప్రిల్ 2న వచ్చింది. చీకటి పడ్డాక మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలో చాలాచోట్ల ఆకాశంలో నిప్పుల బారు ఒకటి నింపాదిగా సాగిపోయింది. మా పక్క జిల్లా చంద్రపూర్‌లో, సిందేవాహి తాలూకా లాడ్‌బోరి గ్రామంలో పెద్ద లోహపు వలయం వచ్చి పడింది. తరువాత ఆ చుట్టుపక్కల లోహపు గోళాలు కూడా దొరికాయి. నేను కళ్లారా చూడలేదు కానీ వీడియోలు మాత్రం మర్నాడు మా సెంటర్‌కు వచ్చిన ప్రతి ఫోనులోనూ ఉన్నాయి. ఉల్క అన్నారు, తోకచుక్క అన్నారు, క్షిపణి అన్నారు. పైగా మరో పదకొండు రోజుల్లో ప్రాణహిత పుష్కరాలు మొదలు కావాలి. శకునం చెప్పేవాళ్లకు ఇక అడ్డేముంది.

మేనకోడలు అప్పుడు పన్నెండో తరగతి. "మామయ్యా, ఉల్క ఇంత నెమ్మదిగా పోదు" అంది. సూర్యుడి చుట్టూ తిరుగుతూ వచ్చి మన వాతావరణంలోకి దూకే రాయి సెకనుకు కనీసం 11 కిలోమీటర్లు, ఒక్కోసారి 70 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. మెరిసి, రెండు మూడు సెకన్లలో ఆరిపోతుంది. భూమి చుట్టూ తిరిగే రాకెట్ తునకల వేగం దాదాపు 8 కిలోమీటర్లే. పైగా అవి ఏటవాలుగా దిగుతూ, ముక్కలై, పక్కపక్కన బారులు తీరి చాలాసేపు కాలుతాయి. వీడియోలో కనిపించింది అదే. అది చైనా లాంగ్ మార్చ్ 3బి రాకెట్ భాగమని అంతరిక్ష నిపుణులు గుర్తించినప్పుడు ఈ అమ్మాయి వీధిలో తలెత్తుకుని తిరిగింది. ఇక మిగతా ఆకాశం మీద పడింది.

ఇంటర్నేషనల్ ఆస్ట్రనామికల్ సెర్చ్ కొలాబరేషన్ అని ఒకటుంది. 2006లో అమెరికాలో, టెక్సస్‌లోని హార్డిన్-సిమన్స్ విశ్వవిద్యాలయం కేంద్రంగా మొదలైంది. పెద్ద టెలిస్కోపులు తీసిన ఫోటోలను ప్రపంచంలో ఎవరడిగినా, జట్టుగా నమోదైతే చాలు, పైసా తీసుకోకుండా ఇస్తుంది. మా జట్టులో నలుగురం. మేనకోడలు, నేను, జిల్లా పరిషత్ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మా వీధి గురూజీ, పక్క టీ దుకాణం వాళ్ల పదో తరగతి అబ్బాయి. 2024 దీపావళి సెలవులు కలిసొచ్చేలా ఒక విడతలో చేరాం.

ఫోటోలు హవాయి దీవుల నుంచి వస్తాయి. మావీ దీవిలో హలెయాకలా అనే అగ్నిపర్వతం మీద పాన్-స్టార్స్ టెలిస్కోపులున్నాయి. అద్దం వెడల్పు 1.8 మీటర్లు. వాళ్ల అర్ధరాత్రి మనకు మధ్యాహ్నం మూడున్నర. కాబట్టి మా ఊళ్లో మబ్బు పట్టినా, వీధి దీపాలు వెలిగినా మాకు లెక్క లేదు. ఒక్కో కట్టలో నాలుగు ఫోటోలుంటాయి. ఆకాశంలో ఒకే చిన్న ముక్కను కొన్ని నిమిషాల ఎడంతో నాలుగుసార్లు తీసినవి. నక్షత్రాలు నాలుగింటిలోనూ ఉన్నచోటే ఉంటాయి. కదిలేది ఏదైనా ఉంటే అదే మనకు కావలసింది. చెప్పడానికి ఇంతే.

చేయడానికి ఆస్ట్రోమెట్రికా అనే సాఫ్ట్‌వేర్ కావాలి. ఆస్ట్రియా దేశస్థుడు హెర్బర్ట్ రాబ్ రాసింది. ముందుగా ఆ టెలిస్కోపుకు సంబంధించిన సెట్టింగుల ఫైలు ఎక్కించాలి. తరువాత నాలుగు ఫోటోలూ తెరవాలి. అప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్ ద్వారా గాయా ఉపగ్రహం కొలతలతో చేసిన నక్షత్ర పట్టికను అడిగి, ఫోటోలోని చుక్కలను పట్టికలోని నక్షత్రాలతో సరిపోల్చుకుంటుంది. అప్పటిదాకా వట్టి ఫోటోగా ఉన్నది ఆ క్షణం నుంచి పటం అవుతుంది. ఏ చుక్క మీద నొక్కినా ఆకాశంలో దాని స్థానాన్ని ఆర్క్ సెకనులో (డిగ్రీలో 3600వ వంతు) చిన్న భాగం దాకా చెబుతుంది. మాకు అన్నిటికంటే ఎక్కువ ఏడుపు తెప్పించింది ఈ మెట్టే. సరిగ్గా పట్టిక దిగుతున్నప్పుడే సిగ్నలు పోయేది. నా ఫోనులో నది అవతలి టవరు, అబ్బాయి ఫోనులో ఇవతలి టవరు. ఏది బతికుంటే దాని నుంచి హాట్‌స్పాట్ పెట్టుకునేవాళ్లం.

ఆ నిరీక్షణలో గురూజీ హైదరాబాద్ నిజామియా వేధశాల గురించి చెప్పారు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ప్రపంచమంతటి వేధశాలలూ ఆకాశాన్ని పంచుకుని నక్షత్ర పటం తయారుచేశాయి. అందులో కొన్ని పట్టీలు హైదరాబాద్ వంతుకు వచ్చాయి. గాజు పలకల మీద ఫోటోలు తీసి, సూక్ష్మదర్శినిలో ఒక్కో చుక్క స్థానాన్నీ కంటితో చూసి కొలిచి, లక్షల నక్షత్రాలను పుస్తకాలకెక్కించారు. ఎక్కిన ప్రతి అంకె వెనకా ఓ మనిషి మెడనొప్పి ఉంది. ఇప్పుడు గాయా ఉపగ్రహం కొలిచిన నక్షత్రాలు నూట ఎనభై కోట్లకు దగ్గరగా ఉన్నాయి. మాకు ఆలస్యమల్లా సిగ్నలు వల్లే.

పటం కుదిరాక, ఇప్పటికే తెలిసిన గ్రహశకలాలు ఆ ముక్కలో ఎక్కడెక్కడ ఉండాలో సాఫ్ట్‌వేర్ గుర్తులు పెట్టి చూపుతుంది. తెలిసినవే పద్నాలుగు లక్షలకు పైగా ఉన్నాయి మరి. ఆ తరువాత నాలుగు ఫోటోలనూ ఒకదాని వెంట ఒకటి తిప్పుతూ పోవాలి. దీన్ని బ్లింక్ చేయడం అంటారు. మొదటి రోజు అబ్బాయి తెర మీద వేలు పెట్టి "అదిగో, అదిగో" అంటూనే ఉన్నాడు. కదిలేవన్నీ గ్రహశకలాలు కావు. కెమెరాలో చెడిపోయిన గడులు చుక్కల్లా మెరుస్తాయి. కాస్మిక్ కిరణం తగిలితే ఒక్క ఫోటోలోనే మచ్చ పడుతుంది. పెద్ద నక్షత్రం చుట్టూ వెలుగు చిందులుంటాయి. వీటిలో ఏవో నాలుగు కలిపి గీత గీసేస్తే కంటికి బాగానే ఉంటుంది.

అందుకే పట్టి పట్టి అడగాలి. నాలుగు ఫోటోల్లోనూ ఉందా? సరళరేఖలో నడిచిందా? ఫోటోల మధ్య సమయం ఎక్కువున్న చోట దూరమూ ఎక్కువగా ఉందా? వెలుగు నాలుగింటిలోనూ దాదాపు ఒకేలా ఉందా? చుట్టూ ఉన్న నక్షత్రాల్లాగే గుండ్రంగా, అంతే వెడల్పుగా ఉందా? చుక్క మీద నొక్కితే ఇవన్నీ అంకెల్లో చూపే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. వెనకున్న గరగర కంటే చుక్క ఎన్ని రెట్లు బలంగా ఉందో కూడా అందులోనే ఉంటుంది. ఐదు రెట్లకు దిగితే గురూజీ ఒప్పుకునేవారు కాదు. పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి కదా. కదిలేవాటిని తానే పట్టిచ్చే సదుపాయం సాఫ్ట్‌వేర్‌లో ఉంది. కానీ అది మసక చుక్కలను వదిలేస్తుంది, మచ్చలను పట్టుకొస్తుంది. మేము దాన్ని సాక్షిగా పిలిచాం కానీ తీర్పు దానికి వదల్లేదు.

మాకు కావలసినవి దాదాపు 21వ తరగతి కాంతి చుక్కలు (అంకె పెరిగేకొద్దీ చుక్క మసక). చీకటి రాత్రి మామూలు కన్ను 6వ తరగతి దాకా చూస్తుంది. మధ్యలో 15 తరగతుల తేడా అంటే సరిగ్గా పది లక్షల రెట్లు మసక. గంటలో అలాంటి చుక్క కదిలేది 30 ఆర్క్ సెకన్లకు అటూ ఇటూగా, అంటే చందమామ వెడల్పులో అరవయ్యో వంతు. నడిచే దిక్కు చూసి మాత్రం నేను ఆశ్చర్యపోయాను. తెలిసిన గ్రహశకలాలకు పెట్టిన గుర్తుల్లో దాదాపు అన్నీ తూర్పుకు కాక పడమరకు జరుగుతున్నాయి. గురూజీ నవ్వి, "వక్రించాయి" అన్నారు. పంచాంగంలో కుజుడు వక్రించాడు, గురుడు వక్రించాడు అని రాసేది ఇదే. టెలిస్కోపు చూస్తున్నది సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉన్న ఆకాశాన్ని. అక్కడి గ్రహశకలాన్ని లోపలి దారిలో భూమి దాటిపోతూ ఉంటుంది కాబట్టి అది వెనక్కి నడిచినట్టు కనిపిస్తుంది. అటు తిప్పి వెతకడం దేనికంటే, సూర్యుడి వెలుగు వాటి మీద నిండుగా పడేది అప్పుడే.

పంచాంగం మాట వచ్చింది కాబట్టి పుష్కరం సంగతి కూడా చెప్పాలి. మేము బ్లింక్ చేసే రాళ్లలో ఎక్కువ భాగం కుజుడికీ గురుడికీ మధ్య ఉన్న పట్టీలోవి. అన్నీ కలిపి ముద్ద చేసినా చంద్రుడి బరువులో 3 శాతానికి అటూ ఇటూ. వాటి మీద పెత్తనం గురుడిది. ఆయన సూర్యుణ్ణి ఒకసారి చుట్టిరావడానికి 11.86 ఏళ్లు పడుతుంది. ప్రాణహిత పుష్కరం మళ్లీ రావడానికి కారణం కూడా ఆ చుట్టే. భూమి, సూర్యుల మధ్య దూరానికి రెండున్నర రెట్ల దూరంలో ఏదైనా రాయి తిరిగితే, గురుడు ఒక్క చుట్టు పూర్తి చేసేలోగా అది సరిగ్గా మూడు చుట్లు తిరుగుతుంది. సరిగ్గా అక్కడే పట్టీలో ఖాళీ ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో డేనియల్ కిర్క్‌వుడ్ అనే అమెరికన్ దాన్ని గమనించాడు. గురుడి లాగుడు పుష్కరం తరువాత పుష్కరం ఒకే తీరుగా పడుతుంటే ఆ రాయి దారి కోలగా సాగిపోతుంది. చివరికి కుజుడి దారికో, భూమి దారికో అడ్డం వస్తుంది. భూమి పక్కకు వచ్చే రాళ్లలో చాలా వాటి పుట్టిల్లు అదే. మేనకోడలు దీన్ని వాళ్ల అమ్మమ్మకు, అంటే మా అమ్మకు వివరించింది. అమ్మ అంతా విని, "గురుడంటే మరి మాటలా" అంది. ఎటు తిప్పి అర్థం చేసుకుందో మాకు తెలియలేదు.

ఆ అక్టోబరులోనే ఆకాశంలో సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క వచ్చింది. పొద్దుగూకాక నది మీద, పడమటి దిక్కున బైనాక్యులర్‌లో చూశాం. దాని అందం కంటే దాని కథ నాకు ఎక్కువ పనికొచ్చింది. 2023 జనవరి 9న చైనాలోని పర్పుల్ మౌంటెన్ వేధశాల దాన్ని ఫోటో తీసింది. ఆ తరువాత ఎవరూ చూసినట్టు కబురు పంపలేదు. చూడాల్సిన వాటి జాబితాలోంచి తీసేశారు. ఫిబ్రవరి 22న దక్షిణాఫ్రికాలోని అట్లాస్ టెలిస్కోపుకు ఒక కొత్త చుక్క దొరికింది. లెక్క వేస్తే రెండూ ఒకటే. అందుకే జంట పేరు. రెండోసారి ఎవరూ చూడకపోతే మొదటిసారి చూసినట్టే కాదన్నమాట.

మా చుక్క విషయానికి వస్తాను. దాన్ని ముందు చూసింది అబ్బాయి. ఒక ఫోటో మూలన, కెమెరా ముక్కల మధ్య అతుకుకు దగ్గరగా ఉంది. సాఫ్ట్‌వేర్ గుర్తు పెట్టలేదు, అంటే తెలిసిన గ్రహశకలం కాదు. నాలుగు ఫోటోల్లోనూ ఉంది, పడమరకు నడుస్తోంది, గీత తిన్నగా ఉంది. గురూజీ కళ్లజోడు తుడుచుకుని అంకెలన్నీ కాగితం మీద వేసుకున్నారు. నాలుగు స్థానాల మధ్య వేగం చేత్తో లెక్కకట్టి, "పంపండి" అన్నారు.

పంపే నివేదిక చూడటానికి పరమ విసుగ్గా ఉంటుంది. ఒక్కో కొలతకు ఒక్కో వరుస, వరుసకు సరిగ్గా 80 గడులు. ఏ గడిలో ఏ అంకె ఉండాలో నియమం. తేదీ, సమయం గ్రీనిచ్ లెక్కలో, ఆకాశంలో స్థానం, వెలుగు, చివర టెలిస్కోపు సంకేతం ఎఫ్51. మన పేర్లు పైన ఒక మూల ఉంటాయి. ఎక్కువ ఖాళీ ఒకటి పడినా కంప్యూటర్ చదవదు. సర్కారు ఫారాలు నింపి నింపి అరిగిన చెయ్యి నాది. ఆ ఒక్క పనీ జట్టులో ఎవరికీ ఇవ్వలేదు.

కొన్నాళ్లకు మా చుక్క 'ప్రాథమిక గుర్తింపు' జాబితాలోకి ఎక్కింది. కబురు ఎలా పాకిందో, ఒక విలేకరి సెంటర్‌కు వచ్చాడు.

"అన్నా, 'సిరొంచ కుర్రాడు కొత్త గ్రహాన్ని కనిపెట్టాడు' అని వేద్దాం."

"గ్రహం కాదు. కనిపెట్టడమూ ఇంకా కాదు."

"మరి ఏమని రాయమంటారు?"

"కదిలే చుక్కను ఒకదాన్ని కొలిచి పంపారని రాయి."

"అది వార్త ఎలా అవుతుంది అన్నా?"

అతని బాధ నాకర్థమైంది. కానీ ఏటా ఇలాంటి శీర్షికలు చాలా చూస్తున్నాం, పిల్లలకు సన్మానాలు చేసి శాలువాలు కప్పుతున్నాం. ప్రాథమిక గుర్తింపు అంటే మా సెంటర్లో దరఖాస్తు పెట్టినప్పుడు చేతికిచ్చే టోకెన్ రసీదు. దాఖలా కాదు. వారం పది రోజుల్లో ఏదో ఒక టెలిస్కోపుకు అది మళ్లీ కనిపించాలి. అప్పుడు గ్రహశకలాల కొలతలన్నీ చేరే అమెరికాలోని మైనర్ ప్లానెట్ సెంటర్ తాత్కాలికమైన పేరు ఇస్తుంది. తరువాత ఆరేళ్లో పదేళ్లో, వేర్వేరు సంవత్సరాల్లో చూసి కక్ష్య గట్టిగా తేలితేనే శాశ్వత సంఖ్య. సంఖ్య వచ్చాకే కనుగొన్నవారికి పేరు సూచించే హక్కు. ఆ పేరు 16 అక్షరాలు మించకూడదు. రాజకీయ నాయకుల పేరైతే వాళ్లు పోయి వందేళ్లు గడవాలి. ఈ చివరి నియమం చెప్పగానే మా వార్డులో ఒకాయనకు ఉత్సాహం చల్లారింది.

మొట్టమొదటి గ్రహశకలం సంగతీ ఇంతే. 1801 జనవరి 1న ఇటలీలోని పలెర్మోలో పియాజీ అనే ఖగోళవేత్త సెరెస్‌ను చూశాడు. ఫిబ్రవరి దాకా వెంటాడాడు. తరువాత అది సూర్యుడి వెలుగులోకి పోయి తప్పిపోయింది. ఇరవై నాలుగేళ్ల గణితవేత్త గాస్ ఆ కొద్ది కొలతలతోనే కక్ష్య గుణించి ఎక్కడ వెతకాలో చెప్పాడు. అదే ఏడాది డిసెంబరు 31న మళ్లీ దొరికింది. ఆసియా ఖండం నుంచి తొలి గ్రహశకలం దొరికింది మద్రాసు వేధశాలలో, 1861లో. కనుగొన్న పోగ్సన్ దానికి 'ఏషియా' అనే పేరు పెట్టాడు. గురూజీకి ఇది చాలా నచ్చిన విషయం. టీ తాగడానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవారు.

మేము కబురు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లోనే, 2025 ఫిబ్రవరిలో, టీవీలన్నీ 2024 వైఆర్4 అంటూ హోరెత్తించాయి. 2024 డిసెంబరు 27న చిలీలోని అట్లాస్ టెలిస్కోపుకు దొరికిన రాయి అది. 2032 డిసెంబరు 22న భూమిని తాకే అవకాశం 3.1 శాతం దాకా పెరిగింది. పంట బీమా కోసం వచ్చిన రైతు ఒకాయన, "అప్పటికి బాకీ తీరదు, రాయి పడితేనే నయం" అన్నాడు. ఆ నెలాఖరుకు అవకాశం దాదాపు సున్నాకు దిగిపోయింది. రాయి దారి మార్చుకోలేదు. చూసిన రాత్రుల సంఖ్య పెరిగింది, దారి గీత సన్నబడింది, ఆ సన్నని గీతలో భూమి లేదు. మేనకోడలు సెంటర్ గోడ మీద ఆ పేరును విప్పి రాసిపెట్టింది. వై అంటే డిసెంబరు రెండో పక్షం. ఆర్4 అంటే ఆ పక్షంలో పేరు పొందిన వాటిలో 117వది. ఒక్క పక్షంలో వందలకొద్దీ దొరుకుతాయని తెలిశాక మా చుక్క మీద మా గర్వం కూడా తగినంతకు దిగింది.

చివరికి మాకు తెలిసింది ఏమిటంటే, మా చుక్క కొత్తది కాదు. కొన్నేళ్ల కిందట ఆకాశాన్ని గాలించే మరో టెలిస్కోపు సర్వే దాన్ని కొద్ది రాత్రులు చూసి వదిలేసింది. అప్పటి కొలతలతో కక్ష్య సరిగా తేలలేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ గుర్తు తప్పుచోట పడింది, మేము చూసినచోట ఏమీ లేనట్టు కనిపించింది. ఇప్పుడు పాతవీ కొత్తవీ కలిసి ఒకే వస్తువయ్యాయి. కనుగొన్న ఘనత వాళ్లది. అబ్బాయి ముఖం చిన్నబోయింది. గురూజీకి మాత్రం సంతోషం. "వాళ్లకు దొరికి తప్పిపోయింది. మనకు దొరికాకే దానికి దారి ఏర్పడింది" అన్నారు. నాకూ ఆయన మాటే సబబనిపించింది, అబ్బాయిని ఊరడించడానికి అనడం లేదు. జాబితాలో ఆ రాయి పేరు ఎదురుగా మేము పంపిన నాలుగు వరుసలూ ఉన్నాయి. వాటిని ఇక ఎవరూ చెరపరు.

కక్ష్య ప్రకారం అది సూర్యుణ్ణి నాలుగేళ్లకు పైచిలుకు కాలంలో చుట్టివస్తుంది. మళ్లీ సూర్యుడికి ఎదురుగా వచ్చేది దాదాపు పదహారు నెలలకు. అప్పుడు దాన్ని ఫోటో తీసేది హవాయి వాళ్లో, చిలీ వాళ్లో. ఆ ఫోటో మా కట్టలోకే వస్తుందన్న నమ్మకం లేదు. ఈలోగా కొత్త విడతకు పేర్లిచ్చాం. అబ్బాయి ఇప్పుడు పదకొండో తరగతి, చంద్రపూర్‌లో హాస్టల్. వాడి వాటా కట్టలు అక్కడికే పంపమన్నాడు, అక్కడ నెట్ ఆగదట.